డొల్ల కేక

కంకణపురం కోట బురుజుల మీద నుంచి చూస్తే మద్దిమల అడవి కొండల మీద పరిచిన నల్లగొంగళిలా ఉంటుంది. లోపలికి అడుగు పెట్టినవాడికి మాత్రం అది వేయి స్తంభాల కొలువుకూటం. తెల్లమచ్చల మద్దిమానులు ఏనుగు కాళ్ళలా బారులు తీరి ఉంటాయి. వాటి మధ్య పూలతీగలు ఉయ్యాలలు కట్టి, ఎండను జల్లెడ పట్టి, కిందికి రవ్వలు రవ్వలుగా వదులుతాయి. రాళ్ళ మీద పసరునాచు మెరుస్తుంది. లోయ అడుగున ఉడుకుల బుగ్గ పగలూ రాత్రీ కుతకుతలాడుతూ తెల్లటి ఆవిరిని పైకి పంపుతుంది. ఆ ఆవిరి తగిలే ఎత్తైన కొమ్మల్లో కొండ ఉడుతలు కాపురం ఉంటాయి. పిల్లి అంత ఒళ్ళు, రాగి రంగు వీపు, మూరెడు తోక. ఒక మాను మీంచి ఇంకో మాను మీదికి దూకితే గాలిలో నిప్పుకొరివి ఎగిరినట్టుంటుంది.

ఆ ఉదయం ఒక్క కొమ్మా కదలలేదు. కింద తుపాకులు తిరుగుతున్నాయి.

వేటగాళ్ళ వరసలో అందరికన్నా వెనక నడుస్తున్నాడు బయ్యన. భుజాన తండ్రి వదిలిపోయిన చెకుముకి తుపాకి, నడుముకు మందుకొమ్ము, తోలుసంచిలో గుళ్ళు ఉన్నాయి. తుపాకిలో మాత్రం మందు లేదు. ఆ వరసలో దట్టించని తుపాకి అదొక్కటే. ఎందుకంటే అందరూ వెతుకుతున్న ఉడుత అతని చెల్లెలు.

కంకణపురం సింహాసనాన్ని కాజేసిన మాంత్రికుడు ధూమకేశుడి బలమంతా అతని నోట్లోని ఒక్క నాగదంతంలో ఉంది. పడుకోబోయే ముందు దాన్ని ఊడదీసి పాలగిన్నెలో వేసేవాడు. కోటలో దీపాలు వెలిగించే నీలవ్వ ఆ సంగతి కనిపెట్టి, ఒకనాడు గిన్నెలో చెయ్యి పెట్టింది. పన్నును బుగ్గన దాచుకుని పరుగెత్తుతుండగా ధూమకేశుడు లేచి గుప్పెడు బూడిద విసిరాడు. బూడిద పడిన ఎడమ చెవి సగం కాలింది. నీలవ్వ కొండ ఉడుతై కిటికీలోంచి చెట్ల మీదికి, చెట్ల మీంచి అడవిలోకి పారిపోయింది. ఇదంతా కళ్ళారా చూసిన తోటి దాసి వచ్చి బయ్యన చెవిన వేసింది. ఉడుకుల బుగ్గలో పడితే తప్ప ఆ పన్ను కరగదనీ, అది కరిగితే మాంత్రికుడి మాయలన్నీ ఊడిపోతాయనీ కూడా చెప్పింది. రోజులు గడిచేకొద్దీ ఉడుత ఒంట్లోని మనిషి మనిషితనం మరిచిపోతుందట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె బయ్యన మొహం చూడలేదు.

మర్నాడే దండోరా వేశారు. ఎడమ చెవి కాలిన కొండ ఉడుతను చంపి తెచ్చినవాడికి మద్దిమల అడవి మీద పెత్తనం ఇస్తారట. ధూమకేశుడి వేటనాయకుడు కాచనాయకుడు మీసం దువ్వుకుని ఊళ్ళోని తుపాకులన్నిటినీ అడవిలోకి తోలుకొచ్చాడు.

"అదుగో!" అన్నాడు ముందున్న వల్లడు. చిరుకొమ్మ మీద రాగి రంగు తోక ఒకటి వేలాడుతోంది. వల్లడు తుపాకి ఎత్తాడు. చెకుముకిరాయిని పట్టుకున్న తుపాకి గుర్రం పడింది, నిప్పు రాలింది, అడవి దద్దరిల్లింది. పొగలోంచి వల్లడి కేక వినిపించింది.

"డొల్ల!"

"విన్నాం!" అన్నారు వేటగాళ్ళందరూ.

మద్దిమల వేటగాళ్ళ కట్టుబాటు అది. తుపాకి పేల్చినవాడు వెంటనే గొట్టాన్ని ఆకాశానికి ఎత్తి 'డొల్ల' అని అరవాలి. నా తుపాకి ఖాళీ, ఈ పొగలో కదిలేది జంతువు కాదు, నేను అని దాని భావం. విన్నవాళ్ళు బదులు పలకాలి. పలికాక, అతను మళ్ళీ దట్టించుకునేదాకా అటు ఎవరి గొట్టమూ తిరగకూడదు. పొగలో అన్నను తమ్ముడు కాల్చుకున్న ఏనాటి పాపం తర్వాతో పెద్దలు వేసిన కట్టు అది. ఆ ఊళ్ళో పిల్లలకు అమ్మా అనే మాటకన్నా ముందు ఆ కేక వస్తుందని ఆడవాళ్ళు నవ్వుకుంటారు. నిద్రలో ఉలిక్కిపడినా వేటగాడి నోట వచ్చేది అదే.

పొగ విడిపోయింది. కొమ్మ మీంచి ఉడుత జారింది. అయితే నేల మీద పడ్డది ఉడుత కాదు.

ముసలాయన. తెల్లటి గడ్డం, చెవులకు బంగారు పోగులు, రొమ్ము నిండా గుళ్ళు తగిలిన రంధ్రాలు. తీర్థయాత్రకు వెళ్ళాడని కోటలో చాటించిన పాత మంత్రి. ఒకసారి కాళ్ళు తన్నుకున్నాడు. అంతే.

 బయ్యన తలెత్తి పైకి చూశాడు. ఆకుల చాటున ఎన్నో జతల కళ్ళు కిందికి చూస్తున్నాయి. కోటలో మాయమైనవాళ్ళంతా ఎక్కడికి పోయారో అతనికి అప్పుడు తెలిసింది.

వల్లడు తుపాకి నేలకు పారేశాడు. "నాయకా, మనిషిని చంపానే నేను! ఇవి ఉడుతలు కావు. నావల్ల కాదు, నేను ఇంటికి పోతన్నా."

"పో," అన్నాడు కాచనాయకుడు. "ఎవరొద్దన్నారు?"

అని, వల్లడి మొహం మీద తుపాకి పేల్చాడు.

డొల్ల అని అరిచినవాడి మీద తుపాకి పేలడం ఆ అడవి పుట్టాక అదే మొదలు. పేల్చినవాడు మళ్ళీ కేక కూడా పెట్టలేదు. అతని వెనక ఇద్దరు బంట్లు, ఒంటికన్ను వాడూ బండవాడూ, గొట్టాలు వేటగాళ్ళ వైపు తిప్పి నిలబడ్డారు.

"ఇంకెవరికైనా ఇల్లు గుర్తొచ్చిందా?" అన్నాడు కాచనాయకుడు మందుకొమ్ము విప్పుకుంటూ. "ఉడుతో, మనిషో, మనకెందుకు? చెవి కాలిందా లేదా, అదొక్కటే చూడండి. కనపడ్డదాన్నల్లా కొట్టండి. కింద పడ్డాక చెవి చూసుకుందాం."

పొగ ఇంకా తేలుతూనే ఉంది. ఆ పొగలో ఒక బిరుసు చెయ్యి బయ్యన మెడ పట్టుకుని పొదలోకి లాగింది. మేనమామ సింగన చెయ్యి అది. ఇద్దరూ ముళ్ళనూ రాళ్ళనూ లెక్కచేయకుండా పరుగెత్తారు. వెనక ఒక గుండు వచ్చి మద్దిమాను బెరడు పెళ్ళగించింది. ఇంకొకటి సింగన తలపాగాను ఎగరగొట్టింది. తర్వాత అరుపులు, పరుగులు, మళ్ళీ పేలుళ్ళు. వేటగాళ్ళు కాకుల్లా చెదిరిపోయారు. ఎంతమంది చెదిరారో, ఎంతమంది పడ్డారో వెనక్కి తిరిగి చూడటానికి వీలు లేకపోయింది.

వాగు గట్టున సింగన చతికిలబడ్డాడు. ఊపిరి కుదుటపడ్డాక గుండు తల తడుముకున్నాడు.

"తల పోయినా బాగుండును. తలపాగా కొత్తదిరా అల్లుడూ."

"మామా," అన్నాడు బయ్యన. "ఆ చెవి కాలిన ఉడుత మన నీలి."

సింగన చెయ్యి తల మీదే ఆగిపోయింది. 

"ముందే ఎందుకు చెప్పలేదురా?"

"చెబితే నీ మొహంలో తెలిసిపోద్ది. నీకు దాచుకోవడం చేతకాదు."

"నిజమే. మీ అత్త కూడా అదే అనేది." సింగన లేచి తుపాకి అందుకున్నాడు. "దానికి నడక నేర్పింది నేను. పద."

నీలవ్వ జాడ పట్టుకోవడం మిగతావాళ్ళకు కష్టం కాని, ఆ ఇద్దరికీ కాదు. చిన్నప్పటి నుంచీ నీలవ్వ దేన్నీ పూర్తిగా తినేది కాదు. జామకాయైనా జొన్నరొట్టైనా సగం తిని సగం వదిలేది. ఆ వదిలేసిన సగాలు తినీ తినీ బయ్యన పెరిగాడు. వాగు దాటాక ఒక తుమికిచెట్టు కింద సగం కొరికిన పండు కనిపించింది. అల్లంత దూరాన ఇంకొకటి. ఆ పైన రాతి మీద మరొకటి. మామూలు ఉడుత కొరికితే గింజ తప్ప ఏమీ మిగలదు. ఇవి సరిగ్గా సగానికి ఆగిపోయి ఉన్నాయి.

ఆ సగం పళ్ళు వాళ్ళను లోయ అంచు దాకా నడిపించాయి. అక్కడ ఉంది బొల్లిమద్ది. అడవిలోకల్లా పెద్ద మాను. మొదలు చుట్టూ నలుగురు చేతులు కలిపినా అందదు. దాని వెనక నేల తెగిపోయి, లోయ నోరు తెరుచుకుని ఉంది. అడుగు నుంచి ఉడుకుల బుగ్గ ఆవిరి లేచి కొమ్మలకు తగులుతోంది. మాను నడుమ ఎత్తులో, బెరడును కరుచుకుని, తల కిందులుగా ఒక కొండ ఉడుత కూర్చుని ఉంది. ఎడమ చెవి సగమే ఉంది.

"నీలీ!" అన్నాడు బయ్యన.

ఉడుత కిచకిచమని అరిచి మాను అవతలికి తిరిగింది. ఆ కళ్ళలో అన్నను గుర్తుపట్టిన జాడ లేదు. వేటగాణ్ణి చూసిన బెదురే ఉంది.

"పేరు పెట్టి పిలిస్తే దిగొచ్చే దశ దాటిపోయిందిరా," అన్నాడు సింగన. "ఎక్కితే దూకేస్తది. దూకిందంటే కాచనాయకుడి గుండుకే. ఇక్కడే పట్టుకోవాలి, ప్రాణంతో."

"నాన్న బెరడుదెబ్బ కొట్టేవాడు."

సింగన అతని వైపు తేరిపార చూశాడు. బెరడుదెబ్బ అంటే ఉడుతను కొట్టడం కాదు. దాని పొట్ట కింద ఆనుకుని ఉన్న బెరడును ఒంటి గుండుతో కొట్టడం. ఆ అదురుకు ఉడుత స్పృహ తప్పి రాలుతుంది. చర్మం మీద గీత కూడా పడదు. బయ్యన తండ్రి తప్ప ఆ దెబ్బ కొట్టినవాడు మద్దిమలలో లేడు. గుండు బెత్తెడు కిందికి పోతే మందు వృథా. వేలెడు పైకి పోతే చెల్లెలు పోతుంది.

"నున్న గొట్టంరా నీది," అన్నాడు సింగన మెల్లగా. "నున్న గొట్టం మేనత్త మాటలాంటిది. దూరం నుంచి ఎటు పోతదో దానికే తెలీదు. దగ్గరికి పోతేనే సూటిగా తగులుద్ది."

"దగ్గరికే పోతా."

మానుకు ఎదురుగా నిలువెత్తు బండ ఒకటి ఉంది. బయ్యన దాని మీదికి పాకాడు. కొమ్ములోంచి మందు పోశాడు. సంచిలోంచి అన్నిటికన్నా గుండ్రంగా ఉన్న గుండును ఏరి, పంచె కొంగు చింపి దానికి చుట్టి, కడ్డీతో నెమ్మదిగా కూరాడు. గుడ్డ బిగుతుగా దిగింది. నున్న గొట్టంలో గుండు ఊగకుండా తండ్రి చేసిన ఉపాయం అదే. గుర్రం కిందున్న చిన్న పళ్ళెంలో చిటికెడు రంజకం పోశాడు. నిప్పురవ్వను లోపలి మందుకు అందించేది ఆ సన్నటి పొడే.

కింద సింగన తన తుపాకిని మానుకు ఆనించి, గొంగళి విప్పి భుజాన వేసుకుని, అవతలి పొదలను కర్రతో కొడుతూ చుట్టూ తిరగసాగాడు. మాను మీది ఉడుత ఎప్పుడూ మనిషికి అవతలి పక్కే ఉంటుంది. మనిషి తిరిగితే అదీ తిరుగుతుంది. అందుకే ఉడుతల వేట ఒంటరివాడి పని కాదు. సింగన అటు కదిలేకొద్దీ నీలవ్వ ఇటు జరిగింది. రాగి రంగు వీపు, తోక, చివరికి ఆ సగం చెవి బయ్యన ఎదటికి వచ్చాయి.

బయ్యన ఊపిరి బిగబట్టాడు. గొట్టం చివర గురి చూసే గుబ్బకు సూటిగా తెల్లటి బెరడు, దాని మీద చెల్లెలి పొట్ట. మీట నొక్కాడు.

తుపాకి మోత లోయలో దొర్లుకుంటూ పోయింది. బెరడు పలకలు పలకలుగా ఎగిరింది. నీలవ్వ గాలిలోకి చిమ్మినట్టు లేచి, పిల్లిమొగ్గ వేసి, కిందికి రాలింది. సింగన మాను చుట్టి ఇటు ఉరికి, గొంగళి పరిచి రెండు చేతులా పట్టుకున్నాడు.

అదే క్షణాన బయ్యన గొట్టం ఆకాశానికి లేచింది. గొంతు దానంతట అదే తెరుచుకుంది.

"డొల్ల!"

అరిచాక గాని ఏం చేశాడో అతనికి తెలియలేదు. దాక్కున్నవాడు తన చోటునూ, తన ఖాళీ తుపాకినీ తన నోటితోనే చాటుకున్నాడు. లోయ ఆ కేకను తిప్పి తిప్పి అడవికంతా వినిపించింది.

వాగు వైపు పొదల్లోంచి బదులు వచ్చింది. నవ్వుతున్న గొంతు.

"విన్నాం!"

కాచనాయకుడు.

బయ్యన బండ మీంచి దూకి మాను మొదట్లోకి చేరాడు. ఉడుత గొంగట్లో మెత్తగా పడి ఉంది. పక్కటెముకలు లేచి పడుతున్నాయి. ఒంటి మీద రక్తం లేదు. "బతికే ఉందిరా," అన్నాడు సింగన. "మీ నాన్న చూడాల్సింది." గొంగళిని మూటగట్టి బయ్యన రొమ్ముకు బిగించాడు. ఆ తర్వాత తన తుపాకిని అందుకుని, పొద వెనక మోకాలి మీద కూర్చున్నాడు. అతని తుపాకి నిండుగా ఉంది.

"వాళ్ళు ముగ్గురు మామా. నీది ఒక్క గుండు."

"అందుకే వాళ్ళు బయటికి రావాలి." సింగన తలెత్తాడు. అరవై ఏళ్ళుగా తన నోట ఒక్కసారైనా అబద్ధం కాని కేకనే ఇప్పుడు గట్టిగా పెట్టాడు. "డొల్ల! నాయకా, రెండూ డొల్లే! ఒక్కసారే పేల్చాం! ఉడుత పడింది, తీసుకో, మమ్మల్ని వదిలెయ్యి!"

పొదల్లో గుసగుస. తర్వాత నవ్వు. కాచనాయకుడు చెట్ల మధ్య నుంచి నిటారుగా నడిచి వచ్చాడు. ఇరువైపులా ఇద్దరు బంట్లు.

"సింగన్నా, ముసలోడివైనా బుద్ధిమంతుడివి," అన్నాడు. "నీ తలపాగా దారిలో దొరికింది. తల కూడా దాంట్లో చుట్టి పంపిస్తాలే."

"తలపాగా వరకు చాలు నాయకా," అని సింగన పేల్చాడు.

బండవాడి రొమ్ము పగిలింది. వెనక్కి విసిరేసినట్టు పడ్డాడు, చేతిలోని తుపాకి ఆకాశంలోకి పేలిపోయింది. పొగలోంచే కాచనాయకుడు కాల్చాడు. గుండు సింగన కడుపులో దిగింది. అతను మానుకు వీపు ఆనించి మెల్లగా కూర్చున్నాడు.

ఒంటికన్ను వాడికి బయ్యన గొట్టం ఖాళీ అని తెలుసు. తన గుండును కోటకు తీసుకుపోయే దారికి దాచుకుందామనుకున్నాడో ఏమో, తుపాకి వీపున వేసుకుని గొడ్డలి ఎత్తి ఉరికాడు. బయ్యన మందు పోశాడు. సగం నేల పాలైంది. గుండు వేశాడు. కడ్డీ దించాడు. కూరాడు. గొడ్డలి మెరుపు కనిపించింది. పళ్ళెంలో రంజకం పోసి, గుర్రం లాగి, ఎత్తి మీట నొక్కాడు.

కడ్డీ గొట్టంలోనే ఉండిపోయింది. తుపాకి గాడిదలా తన్నింది. మూడు మూరల ఇనుపకడ్డీ ఈటెలా దూసుకుపోయి ఒంటికన్ను వాడి గొంతులో దిగి, మెడ వెనక బయటికి వచ్చి, వాడి వెనకున్న మద్దిమానులో నాటుకుంది. వాడు కింద పడలేదు. చెట్టుకు అంటుకుని నిలబడే చచ్చాడు. గొడ్డలి మాత్రం చేతిలోంచి జారింది.

ఇక మిగిలింది కాచనాయకుడు. అతని తుపాకీ ఖాళీ. బంటు వీపున ఉన్న నిండు తుపాకి బంటుతోపాటు చెట్టుకు అతుక్కుపోయింది. కాచనాయకుడు దాని వైపు చూశాడు, బయ్యన వైపు చూశాడు. గొట్టం ఆకాశానికి ఎత్తాడు.

"డొల్ల!" అన్నాడు. మొహాన చిరునవ్వు కూడా ఉంది. "కట్టుబాటు కట్టుబాటే బయ్యనా. దట్టించుకోనీ. నువ్వూ దట్టించుకో. మగాళ్ళలా తేల్చుకుందాం." అంటూనే అతని రెండో చెయ్యి మందుకొమ్ము మీదికి పోయింది.

"విన్నాం అనకురా అల్లుడూ," అన్నాడు సింగన మాను మొదట్లోంచి. పెదాల మీద రక్తం.

"అనను మామా." బయ్యన ముందుకు నడిచాడు. "పొద్దున వల్లడి కేక నీకు వినపళ్ళేదు నాయకా. నీ కేక నాకూ వినపళ్ళేదు."

తుపాకిని గొట్టం వైపు పట్టుకుని తిప్పి కొట్టాడు. మొదటి దెబ్బ కాచనాయకుడి ముంజేతిని విరిచింది. మందుకొమ్ము ఎగిరిపోయింది. రెండో దెబ్బ దవడకు తగిలి పళ్ళు రాలాయి. అతను మోకాళ్ళ మీద పడి కత్తి దూసి బయ్యన తొడ చీల్చాడు. మూడో దెబ్బకు తల పగిలింది. తుపాకి మడమ కూడా పగిలింది. తండ్రి చేత్తో చెక్కిన కొయ్య మడమ అది. బయ్యన చేతిలో వట్టి గొట్టం మిగిలింది.

సింగన తన తుపాకి దట్టిస్తున్నాడు. మద్దిమల వేటగాడు ఖాళీ తుపాకి పక్కన పెట్టుకుని పోకూడదు. కడ్డీ లోపలికి దిగింది, బయటికి వచ్చింది. బయ్యన దగ్గరికి వచ్చేసరికి తుపాకి ఒళ్ళో ఉంది. తల పక్కకు వాలి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"మామా, పూర్తయిందా?" అన్నాడు బయ్యన. ఏమని అడుగుతున్నాడో అతనికే తెలియదు.  బయ్యన ఆ కళ్ళు మూశాడు.

రొమ్ము మీద మూట కదిలింది. నీలవ్వకు స్పృహ వచ్చింది. గొంగట్లోంచి తల బయటపెట్టి, అన్న బొటనవేలు ఎముక దాకా కొరికింది. బయ్యన చెయ్యి లాక్కోలేదు. ఆ నోట్లో వేలు తిప్పి రెండు బుగ్గలూ తడిమాడు. పన్ను లేదు.

"ఎక్కడ దాచావమ్మా?"

ఉడుత కొరకడం ఆపింది. తలెత్తి మాను నడుమకు చూసింది. బయ్యనా చూశాడు. తన గుండు బెరడును పెకలించిన చోట మానులో ఒక తొర్ర బయటపడింది. ఉడుత ఆ బెరడు మీద ఊరికే కూర్చోలేదు. తలుపుకు అడ్డంగా కూర్చుంది. తొర్రలో సగం కొరికిన తుమికిపళ్ళ మధ్య, చిటికెన వేలంత పొడవున, పసుపుపచ్చటి కోర ఒకటి ఎండలో మెరుస్తోంది.

ఎండలో మెరుస్తోంది! అన్ని రోజులూ చీకట్లో ఉండబట్టి ధూమకేశుడి చూపు దాన్ని అందుకోలేకపోయింది. ఇప్పుడు బయ్యన గుండే దానికి కిటికీ తెరిచింది.

తొడ రక్తం కారుతుండగా, గొట్టాన్ని నడుమున దోపుకుని బయ్యన మాను ఎక్కాడు. కోరను పట్టుకున్నాడు. అది బతికున్న పాములా చల్లగా ఉంది. వేళ్ళు దాని మీద మూసుకోగానే అడవిలో గాలి స్తంభించింది. కాకి అరవడం ఆగింది. కోట ఉన్న దిక్కున బూడిదరంగు పొగ ఒకటి చెట్ల తలల మీదుగా పాకుతూ వచ్చి, బొల్లిమద్ది కింద దిగింది.

పగిలిన తలతో కాచనాయకుడు లేచి కూర్చున్నాడు.

"నాది నాకు ఇవ్వు బయ్యనా," అన్నాడు. నోరు కాచనాయకుడిది. గొంతు ధూమకేశుడిది. "ఇస్తే నీ చెల్లెల్ని ఇస్తాను. ఇవ్వకపోతే నిన్ను చంపేవాళ్ళు నాకు కొత్తగా అక్కర్లేదు. నువ్వు చంపినవాళ్ళే చాలు."

చెట్టుకు గుచ్చుకున్న ఒంటికన్ను వాడు కడ్డీని రెండు చేతులా పట్టుకుని గొంతులోంచి పెరుక్కోసాగాడు. రొమ్ము పగిలిన బండవాడు నేల మీంచి లేచాడు. ముగ్గురూ మానును ముట్టడించి ఎక్కడం మొదలుపెట్టారు. బయ్యన గొట్టం లాగి కొట్టాడు. బండవాడి పుర్రె లోపలికి పోయింది. అయినా వాడి వేళ్ళు బెరడు వదల్లేదు. కాచనాయకుడి విరిగిన చెయ్యి బయ్యన మడమ దొరకబుచ్చుకుంది. బయ్యన కోరను నోట కరుచుకుని, గొట్టం అంచుతో ఆ చెయ్యి తెగేదాకా కొట్టాడు. తెగిన చెయ్యి మడమను పట్టుకునే ఉంది.

దారి ఒక్కటే మిగిలింది. లోయ. అడుగున ఉడుకుల బుగ్గ. పైనుంచి విసిరితే కోర ఏ తీగలోనో చిక్కుకుంటుంది; మాను వెనక లోయ మీదికి పొడుచుకొచ్చిన బండ అంచు మీదికి దిగి, అక్కడి నుంచి ఆవిరిలోకి దూకాలి. లోయ గోడకు వేలాడే తీగలు దొరికితే బతుకు, లేకపోతే లేదు. కొమ్మ పట్టుకుని ఊగి ఆ బండ మీద పడ్డాడు. లేచి అంచు వైపు తిరిగాడు.

అంచు మీద సింగన నిలబడి ఉన్నాడు.

బయ్యన మూసిన కళ్ళు మళ్ళీ తెరుచుకుని ఉన్నాయి. కడుపులోంచి రక్తం కారడం ఆగిపోయింది. చేతుల్లో తుపాకి. గొట్టం సూటిగా బయ్యన రొమ్ము మీదికి, రొమ్ము మీది మూట మీదికి చూస్తోంది. అంత దగ్గర నుంచి నున్న గొట్టమైనా తప్పదు. గుండు ఇద్దరిలోంచీ పోతుంది.

"కాల్చు," అంది వెనక నుంచి ధూమకేశుడి గొంతు.

సింగన బొటనవేలు గుర్రాన్ని వెనక్కి లాగింది. చూపుడు వేలు మీట మీదికి వచ్చింది. ఆ ముసలి మొహం కదల్లేదు. కాని పెదాలు కదిలాయి. మాంత్రికుడి గొంతు కాదు. సింగన గొంతే, నూతి అడుగు నుంచి వచ్చినట్టు సన్నగా వచ్చింది.

"డొల్ల."

బయ్యన నిలబడిపోయాడు. ఆ తుపాకిలో మందు పోయడం అతను చూశాడు. కడ్డీ దిగడం చూశాడు. రంజకం పోశాడో లేదో మాత్రం చూడలేదు. అది పోయకముందే ప్రాణం పోయి ఉంటే పళ్ళెం ఖాళీ, తుపాకి పేలదు. పోశాక పోయి ఉంటే పేలుతుంది. ఆ మాట నిజం చెబుతోందో, ధూమకేశుడు చెప్పిస్తున్నాడో తెలియదు. ఆ నోరు బతుకంతా ఆ మాటను నిలబెట్టింది. ఈ ఒక్క రోజే దాన్ని అబద్ధం చేసింది, అదీ అతని కోసమే.

వెనక బండ మీద చచ్చినవాళ్ళ గోళ్ళు గీరుకుంటున్న చప్పుడు దగ్గరైంది. మూటలో నీలవ్వ వణుకుతోంది.

బయ్యన చేతిలోని గొట్టం పారేశాడు. నోట ఉన్న కోరను గుప్పిట్లోకి తీసుకున్నాడు. ఎందుకంటే ఆ కేకకు నోరారా బదులు పలకాలి.

"విన్నాను మామా!" అని అరిచి, చెల్లెల్ని గుండెకు అదుముకుని, ఆ గొట్టానికి ఎదురుగా పరుగెత్తాడు.

సింగన వేలు మీట నొక్కింది. గుర్రం పడింది. చెకుముకి నిప్పు రాల్చింది.